పేరు చెప్పని ఆకు

పోయిన వానాకాలంలో మోకాళ్ళ నొప్పి చూపించుకోవడానికి ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాను. బతుకంతా నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి, నా వంతు కోసం కూర్చున్నా నా కళ్ళు ఊరుకోవు. ఎవరికి జ్వరమో, ఎవరికి రక్తం తక్కువో చూస్తూనే ఉంటాను. ఆ రోజు నా పక్క కుర్చీలో సింహాద్రిపురం నుంచి వచ్చిన ఒకావిడ తన మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉంది. పిల్ల కళ్ళు పచ్చగా ఉన్నాయి. ముంజేతికి సెలైను సూది, దానికి కాస్త పైన నల్లదారం, దారానికి ఏదో వేరు ముక్క. సూది పెట్టిన నర్సు ఆ దారాన్ని తెంపలేదు. దానికి తగలకుండా కొంచెం కిందికి ప్లాస్టరు అంటించింది. "ఆకు గూడా తాపినారా?" అని అడిగాను. ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "తాపినామమ్మా. మూడు దినాలు తాపి, నాలుగో దినం ఈడికి తోలుకొచ్చినాం. రెండూ చేస్తాండాం. ఏది పట్టుకుంటాదో ఎవరికి తెల్సు." డాక్టరుకు ఆ సంగతి చెప్పారా అని అడిగితే, "చెప్తే అరుస్తాడు గదా" అంది. "అరిచినా చెప్పండి. తాపిన సంగతి దాచొద్దు" అన్నాను. ఆ మాట నేననుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. ఆవిడ నా వైపు అదోలా చూసి పిల్లను దగ్గరికి లాక్కుంది. నా మోకాళ్ళు చూపించుకోకుండానే లేచి ఇంటికి వచ్చేశాను.

మా ఊరు ఇప్పుడు లేదు. పెన్న నీళ్ళు ఆపి కట్టిన డ్యాం కింద మునిగిపోయింది. జమ్మలమడుగు నుంచి బస్సులో గంట దూరం ఉండేది. ఎండాకాలంలో నీళ్ళు తగ్గినప్పుడు మా చర్చి గోడ పైభాగం బయటికి కనిపిస్తుందని చూసినవాళ్ళు చెబుతారు. నేను చూడలేదు, చూడాలని కూడా లేదు. ఆ ఊళ్ళో మా ఇల్లు రెండు గదుల మట్టిమిద్దె. నాన్న నాకు రెండేళ్ళప్పుడే పోయాడు. ఇంట్లో ఉండేది ముగ్గురం: నాన్నను కన్న దానమ్మ జేజి, అమ్మ, నేను. అమ్మ జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో కాన్పుల వార్డులో ఆయా. వారమంతా అక్కడే ఉండి, సెలవు దొరికిన రోజు ఇంటికి వచ్చేది. ఆమె చీర నుంచి ఫినాయిలు వాసన, డెట్టాలు వాసన, ఉడకబెట్టిన గుడ్డల వాసన వచ్చేవి. జేజి దగ్గర ఎప్పుడూ నలిపిన ఆకు వాసన, మిరియాల ఘాటు. నేను ఇద్దరి మధ్యా పడుకునేదాన్ని. ఆ రెండు వాసనలూ కలిస్తేనే నాకు ఇల్లు. ఇప్పటికీ ఏ ఆసుపత్రి వరండాలోనైనా ఫినాయిలు వాసన తగిలితే, దాని వెనకాలే పచ్చి ఆకు వాసన కూడా వస్తుందేమోనని ఒక క్షణం ఆగుతాను.

జేజి కామెర్లకు మందు ఇచ్చేది. వాళ్ళ అమ్మ దగ్గర నేర్చుకుంది, ఆమె వాళ్ళ అమ్మ దగ్గర. మా వాళ్ళు మిషను దొరల కాలంలో బాప్తిస్మం తీసుకున్నా ఆకును మాత్రం వదిలిపెట్టలేదు. మంగళవారం, శుక్రవారం పొద్దు పొడవకముందే పెన్న ఒడ్డుకు వెళ్ళి ఆకు కోసుకొచ్చేది. దారిలో ఎవరైనా పలకరిస్తే పలికేది కాదు. సన్నికల్లు కడిగి, నాలుగు మిరియాలు వేసి నూరి, మేకపాలలో కలిపి గుడ్డలో వడగట్టేది. వచ్చినవాళ్ళు పరగడుపున మా అరుగు మీద వరసగా కూర్చుని ఉండేవారు. పెద్దకాపులు, కోమట్లు, సాయిబులు, మా పేటవాళ్ళు, అందరికీ అదే అరుగు. జేజి ముందు వాళ్ళ అరచేతులకు సున్నం రుద్ది, ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి కడిగించేది. నీళ్ళు పచ్చబడితే కామెర్లని చెప్పేది. గ్లాసు చేతికిచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని "యేసు నామంలో" అనేది. కానీ ఆ రెండు మాటలకు కావలసిన దానికన్నా ఎక్కువసేపు ఆమె పెదాలు కదిలేవి. మిగిలిన మాటలేమిటని నేనొకసారి అడిగితే, "అవి మా అమ్మవిలే" అంది. ఉప్పు లేదు, నూనె లేదు, ఎండలో పని లేదు, పదకొండు దినాలు పెరుగన్నమే. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. ఆకు పేరు మాత్రం ఎవరికీ చెప్పేది కాదు. పేరు చెబితే గుణం పోతుందట.

అత్తాకోడళ్ళిద్దరూ ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవారు. "మీ సూదికి లొంగందే మా దగ్గరికి వస్తాది" అని జేజి. "మీ ఆకుకు ముదిరిందే మా దగ్గరికి వస్తాది" అని అమ్మ. కానీ ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మ ఎగతాళి చేసేది కాదు. ఆమె తమిళదేశం నుంచి వచ్చిన మనిషి, తెలుగు చదివినట్టు మాట్లాడేది. ఒకసారి అమ్మను పిలిచి, "కామెర్లకు మా దగ్గర మందు లేదు మేరమ్మా. పడుకోబెట్టి చక్కెర నీళ్ళు ఎక్కించడమే. మీ అత్తగారు కూడా వాళ్ళను పడుకోమనే చెబుతున్నారు కదా, అది మంచిదే. కానీ ఎవరిని మా దగ్గరికి పంపాలో ఆమెకు తెలుసా, అడుగు" అందట. అమ్మ వచ్చి అడిగింది. జేజి వేళ్ళు మడిచి చెప్పింది. కడుపు ఉబ్బినోళ్ళకు ఇవ్వదు. మాట తడబడేవాళ్ళకు ఇవ్వదు. కడుపుతో ఉన్నోళ్ళకు అసలే ఇవ్వదు. "అది నా ఆకు పని కాదు. ఆసుపత్రి దావ పట్టమంటా." డాక్టరమ్మ ఆ మాట విని నవ్విందని అమ్మ చెప్పేది. అప్పటినుంచి అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు వస్తూ పోతూ ఉండేవారు.

మా ఎదురింట్లో ఈశ్వరమ్మ ఉండేది. నారాయణ మామ భార్య. నాకన్నా ఐదారేళ్ళు పెద్దది, నేను ఈశ్వరక్క అనేదాన్ని. ఆమెకు తల్లి లేదు కాబట్టి తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయింది. ఎనిమిదో నెలలో ఆమె కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం చూస్తే వాంతి. ఒక శుక్రవారం పొద్దున ఆమె కూడా వచ్చి మా అరుగు మీద వరసలో కూర్చుంది. జేజి సున్నం చేతికి తీసుకోనైనా లేదు. "నువ్వు లెయ్యి బిడ్డా. నీకు ఈడ పని లేదు. ఈ పొద్దే జమ్మలమడుగు పో. మేరమ్మ ఆడనే ఉంటాది, చూసుకుంటాది" అంది. ఈశ్వరక్క బతిమాలింది. ఆసుపత్రిలో కడుపు కోస్తారని, కోసినవాళ్ళకు మళ్ళీ పిల్లలు పుట్టరని ఎవరో చెప్పారట. జేజి వినలేదు. చెయ్యి పట్టుకుని లేపి ఇంటికి పంపింది. ఆమె వీధి దాటుతూ కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను గడపలోనుంచి చూశాను.

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. అంతకు కొన్ని నెలల ముందే జేజి నన్ను పెన్న ఒడ్డుకు తీసుకెళ్ళి ఆకును చూపించింది. పక్కనే అదే పోలికతో పెరిగే ఇంకొక మొక్కను కూడా చూపించి, తేడా ఎట్లా తెలుసుకోవాలో చెప్పింది. ఇంటి విద్య నా చేతికి వచ్చిందని నాకు ఒళ్ళు తెలియని గర్వం. ఆ మధ్యాహ్నం జేజి చేనికి వెళ్ళినప్పుడు ఈశ్వరక్క మా పెరటి తడిక దగ్గరికి వచ్చింది. "సుగుణా, నీకు ఆకు తెల్సంట గదా" అంది. తెలియదని చెప్పలేకపోయాను. అంత పెద్దామె నన్ను అడుగుతోంది. "జేజి వద్దనింది గదక్కా" అన్నాను. "ముసిలామెకు భయం. నీకేం భయం? నాకు ఒక్కసారి పొయ్యి. నాకు బాగైతాదని నాకు తెలుస్తాండాది" అంది. మర్నాడు పొద్దున జేజి చర్చి ఊడ్వడానికి వెళ్ళినప్పుడు నూరి ఇచ్చాను. ఆమె తాగింది, వెళ్ళిపోయింది. ఆ మర్నాడు ఆదివారం కూడా ఇచ్చాను. "బాగుండాదా అక్కా?" అని అడిగితే, "శానా తేలిగ్గా ఉండాది" అంది. ఇక ఆసుపత్రికి పోనక్కరలేదని ఆమె అనుకుంది. నేను కూడా అనుకున్నాను. అనుకోవడమే కాదు, "పోబన్లేదులే అక్కా, తగ్గిపోతాది" అని నా నోటితో చెప్పాను. నేను ఆకు ఇచ్చినందుకన్నా ఆ మాట చెప్పినందుకే ఇన్నేళ్ళూ ఎక్కువ ఏడ్చాను.

సోమవారం పొద్దున జేజి సన్నికల్లు ముందు కూర్చుని చాలాసేపు దాన్ని చూసింది. నేను కడిగాననుకున్నాను. అంచున పచ్చగా గీత మిగిలిపోయింది. "ఎవరికిచ్చినావు మే?" అంది. అరవలేదు. చెప్పాను. ఈశ్వరక్క శుక్రవారమే ఆసుపత్రికి పోయిందనుకున్న జేజి చెప్పులు కూడా వేసుకోకుండా వీధి దాటింది. నేను వెనకాల పరిగెత్తాను. ఈశ్వరక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జేజి పిలిస్తే చూసింది కానీ పోల్చుకోలేదు. "మా అమ్మ వచ్చినాదా?" అని అడిగింది. ఆమె అమ్మ పోయి పదేళ్ళు. జేజి నారాయణ మామ వైపు తిరిగి, "బండి కట్టు" అని ఒక్క మాటే అంది.

ఆసుపత్రిలో ఆ రోజే బిడ్డ పుట్టింది. ఆడపిల్ల, అరచేతుల్లో పట్టేంత. మర్నాడు సాయంత్రం ఈశ్వరక్క పోయింది. ఒళ్ళంతా రక్తం ఆగకుండా వచ్చిందని అమ్మ చెప్పింది. డాక్టరమ్మ రెండు రోజులూ ఆ మంచం దగ్గరనుంచి కదలలేదట. బిడ్డను మాత్రం దూదిలో చుట్టి, చుట్టూ వేడినీళ్ళ సీసాలు పెట్టి, చుక్క చుక్కగా పాలు పోసి నలభై దినాలు అమ్మే సాకింది. తర్వాత నేను నర్సు చదువు చదివినప్పుడు తెలిసింది, నిండు కడుపుతో ఉన్నవాళ్ళకు వచ్చే ఆ రకం కామెర్లు ఆసుపత్రిలో ఉన్నా ప్రాణం తీయవచ్చని. మామూలు కామెర్లు ఆకు తాగినా తాగకపోయినా, పడుకుంటే చాలావరకు వాటంతట అవే తగ్గుతాయని కూడా తెలిసింది. ఈశ్వరక్క మూడు దినాలు ముందు వెళ్ళి ఉంటే బతికేదా? నా సర్వీసంతా ఎంతమంది డాక్టర్లను వేరే వేరే మాటల్లో ఈ ప్రశ్న అడిగానో. ఎవరూ అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

ఊళ్ళో మాత్రం వెంటనే తేల్చేశారు. దానమ్మ పసరు పోసి నిండు గర్భిణిని చంపింది అన్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, వారంలో చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. మా చర్చిలో అయ్యగారు చీకటి పనుల గురించి ప్రసంగం చేశారు. పేరు చెప్పలేదు కానీ అందరూ మేము కూర్చున్న చాప వైపే చూశారు. జేజి తల ఎత్తుకునే కూర్చుంది. ఇంటికి వచ్చాక నేను ఆమె కాళ్ళ మీద పడి, "నేనే ఇచ్చినానని చెప్తా జేజీ" అన్నాను. ఆమె నన్ను లేపి, నా గడ్డం పట్టుకుని, "నోరు మూసుకో. నువ్వు ఇంకా బతకాల్సిందానివి. నాకేముంది, నాలుగు దినాలు" అంది. ఆ నాలుగు దినాలు తొమ్మిదేళ్ళయ్యాయి. ఆ తొమ్మిదేళ్ళూ మా అరుగు మీద ఎవరూ కూర్చోలేదు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు జేజి ఎదురొస్తే కొంగు కప్పుకుని గోడవారకు తప్పుకునేవారు. దూరం నుంచి సంగతి తెలియక ఎవరైనా మందు కోసం వస్తే, "నాకు రాదు నాయనా. మరిసిపోయినా" అని పంపేసేది. డాక్టరమ్మ ఒకసారి ఒక రోగిని చీటీ రాసిచ్చి పంపింది. "ఈయనకు మీ మందు ఇవ్వవచ్చు, నేను చూశాను" అని ఆ చీటీలో ఉంది. నేనే చదివి వినిపించాను. జేజి ఆ చీటీని కళ్ళకద్దుకుని, మడిచి ఆ మనిషికే తిరిగి ఇచ్చేసింది. నిజం అమ్మకు కూడా మేము చెప్పలేదు. జేజి చచ్చిపోయేటప్పుడైనా ఆ విషయం ఎత్తుతుందని భయపడ్డాను. ఎత్తలేదు. మంచినీళ్ళు అడిగి, తాగి, పోయింది.

ఇప్పుడు ఆకు పొడి ప్యాకెట్లలో వస్తోంది. ఫోను తెరిస్తే ఎవరెవరో కూర్చుని ఏ జబ్బుకు ఏది నూరాలో చెబుతున్నారు. ప్రొద్దుటూరులో స్కానింగులు వీధికి నాలుగు ఉన్నాయి. జనం అప్పుడూ రెండూ చేసేవారు, ఇప్పుడూ రెండూ చేస్తున్నారు, దాంట్లో తప్పేమీ నాకు కనిపించదు. కానీ అప్పుడు "నీకు ఇవ్వను, ఆసుపత్రికి పో" అని చెయ్యిపట్టి లేపే మనిషి ఒకామె ఉండేది. ఆమెకు తన ఆకు ఎక్కడ ఆగిపోతుందో తెలుసు. అది తెలియని నా వల్లే ఆమె ఆ పని ఆపేసింది. ఆ ఆకు పేరు నాకు ఇంకా తెలుసు. ఇక్కడ రాయడం లేదు. గుణం పోతుందని కాదు. చదివి ఎవరైనా నూరతారని.

ఆసుపత్రినుంచి లేచి వచ్చిన వారానికి నేను లింగాల బస్సెక్కాను. ఊరు మునిగాక నారాయణ మామ అక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడని మా చర్చివాళ్ళ ద్వారా తెలుసు. పులివెందులలో బస్సు మారేటప్పుడు వెనక్కి తిరిగిపోదామని రెండుసార్లు అనిపించింది. ఆయన వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు సరిగా కనపడవు. పేరు చెబితే గుర్తుపట్టి, "మేరమ్మ కూతురా. రా పాపా, కూచో" అన్నాడు. కూతురు లక్ష్మీదేవి వచ్చి నన్ను తేరిపార చూసింది. యాభై దాటిన మనిషి. "దానమ్మ మనవరాలా?" అని మాత్రం అడిగి, జవాబు వినకుండా లోపలికి వెళ్ళింది.

నేను ఇక ఆలస్యం చెయ్యలేదు. "మామా, ఈశ్వరక్కకు ఆకు ఇచ్చింది జేజి కాదు. నేను" అన్నాను.

ఆయన "తెల్సు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఎట్ల తెల్సు?"

"ఈశ్వరమ్మ మొదటి దినమే చెప్పింది. సుగుణ ఇచ్చింది, ముసిలామెకు చెప్పొద్దు అనింది. మీ జేజి శుక్రవారమే నాతో చెప్పింది పాపా, ఈ పొద్దే బస్సెక్కించు నారాయణా, రేపనద్దు అని. శెనక్కాయ పీకుతాండాం. కూలోళ్ళు దొరికినారు, మబ్బు పట్టింది. ఈశ్వరమ్మేమో ఆకు తాగినా, బాగుండాది అంటాది. నాక్కూడా అదే కావల్సింది. పోకుండా నిలబడిపోయినా."

"మరి ఊర్లో జేజిని అంత మాట అంటాంటే..."

"కాదనలే. కాదంటే, మూడు దినాలు ఇంట్లో యాల పెట్టుకున్నావురా అని అడుగుతారు గదా." ఆయన చేతులు మంచం నులకను పట్టుకుని ఉన్నాయి. "మీ జేజి నన్ను ఒక్క మాటనలే. దావలో ఎదురైతే, బిడ్డ బాగుండాదా నారాయణా అని అడుగుతాండె. అంతే. దానికే నేను ఆ వీధిన పోవడం మానుకున్నా."

నేనొక్కదాన్నే మోశాననుకున్నది ఇద్దరం మోశామని తెలిస్తే బరువు తగ్గాలి. తగ్గలేదు. ఇద్దరం కలిసి ఒక ముసలామె మీద పెట్టామని మాత్రం తెలిసింది.

తల ఎత్తేసరికి లక్ష్మీదేవి గడపలో ఉంది. రెండు చేతుల్లో రెండు కాఫీ గ్లాసులు. ఎంతసేపటినుంచి నిలబడిందో తెలియదు. గ్లాసులు కిందపెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. తండ్రి వైపు చూడలేదు. "ముసల్ది పసరు పోసి మీ అమ్మను చంపింది అని చెప్పి నన్ను పెంచినారు" అంది. "నా పెండ్లిలో గూడా ఆ మాటే. దానమ్మను నేను తిట్టని దినం లేదు." ఆయన ఏదో అనబోతే చేత్తో ఆపింది. నన్ను తిడుతుందని, పొమ్మంటుందని నేను చూస్తున్నాను. దానికే వెళ్ళాను కూడా.

కాసేపటికి ఆమె అడిగింది. "మా అమ్మను ఆ దినం నువ్వు చూసినావు గదా. ఎట్లుండె?"

"కళ్ళు పచ్చగా..." అని మొదలుపెట్టాను.

"అది గాదు. మనిషి ఎట్లుండె? ఆమె ఎట్ల సచ్చిందో అందరూ చెప్పినారు. ఎట్లుండెనో ఒక్కరూ చెప్పలే."

నేను వెతుక్కున్నాను. ఇన్నేళ్ళుగా ఆ మూడు రోజులను రోజూ చూస్తున్నదాన్ని. నాకు కనిపించేదంతా నా చేతులు, సన్నికల్లు, గ్లాసు. ఆమె ముఖం ఉండాల్సిన చోట పసుపురంగు తప్ప ఏమీ లేదు. లక్ష్మీదేవి తొందరపెట్టలేదు. కాఫీ చల్లారిపోయింది. అప్పుడు, ఎక్కడినుంచో, గ్లాసు దించిన తర్వాత క్షణం వచ్చింది.

"ముక్కు మూసుకుని గటగటా తాగింది" అన్నాను. "శానా చేదు అది. ముఖమంతా ముడుచుకుని, నాలుక బయటపెట్టి, నా పావడ అంచు లాక్కుని దాంతోనే నోరు తుడుచుకుంది. నేను, నా పావడ అక్కా అన్నాను. దానికి నవ్వింది."

"నవ్విందా?"

"నవ్వింది. గట్టిగా నవ్వితే ఎవరైనా విని జేజికి చెప్తారని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎడమపక్క పన్ను మీద పన్ను."

లక్ష్మీదేవి చెయ్యి తన నోటి మీదికి, ఎడమపక్క పన్ను దగ్గరికి పోయింది. నారాయణ మామ కనపడని కళ్ళతో అటు తిరిగాడు. ఆమె నా వైపు కొంచెం జరిగి, "ఇంగోసారి చెప్పు" అంది.